రెండు ఇటుకల ఇల్లు

గుట్ట ఎక్కేటప్పుడు నేను ముందు, అమ్మ వెనక. ఎప్పుడూ అంతే. నాది వేగం నడక, అంతకంటే వేగం కోపం. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే అమ్మ ఏదో ఒక బండకు చెయ్యి ఆనించి నిలబడి ఉండేది. “నువ్వు నడువు బిడ్డా, నేనొస్తున్న” అనేది. వస్తున్న అంటుందే గాని అక్కణ్ణుంచి కదిలేది కాదు. సద్దిమూట నా చేతిలో, కొబ్బరికాయ సంచి ఆమె చేతిలో. నేను విసుక్కుంటూ ఆగేదాన్ని. ఆమె నన్ను అందుకునేసరికి నా ఆయాసం తీరేది గాని ఆమెది తీరేది కాదు, నేను మళ్ళీ బయలుదేరేదాన్ని. పాపం, నా పక్కన తీరిగ్గా ఆగే వంతు ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఎనభైల మొదట్లో దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి నా కాపురం ముగిసి ఏడాది. ముగిసింది అని నేననేదాన్ని. మా చుట్టాలు మాత్రం ఆగింది అనేవాళ్ళు, అదేదో మధ్యదారిలో చెడిపోయిన బస్సయినట్టు. నన్ను మక్తల్‌లో ఇచ్చారు. పెళ్ళయిన రెండేళ్ళకే ఆయన ఇంకొకామెను ఇంటికి తెచ్చాడు. నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. నేనే పెట్టె సర్దుకుని బస్సెక్కాను. ఆ సంగతి ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు, మొగుడొదిలేసిన పిల్ల అనడమే అందరికీ తేలిక.

బాపు నా చిన్నప్పుడే పోయాడు. తోబుట్టువులు లేరు. అమ్మ తన అన్న ఇంట్లో, వడ్లబస్తాల పక్కన ఒక మూల, చాపా దుప్పటీ పెట్టుకుని నన్ను పెంచింది. నాకు ఉద్యోగం వచ్చిందనగానే ఆ చాప చుట్టుకుని నాతో వచ్చేసింది. “ఎవరన్న ఏమన్న అన్నరా అమ్మా?” అని అడిగాను. “ఏమనలే. ఏమనకముందే రావాలె” అంది.

ఊళ్ళో గది వెతకడానికి వెళితే అందరిదీ ఒకటే ప్రశ్న. “ఎంతమంది ఉంటరు?” ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో మాకు తెలుసు. ఆడవాళ్ళను ఇద్దరినే చూస్తే, మీ ఆయనెక్కడ అని నన్ను, కొడుకులు లేరా అని ఆమెను అడుగుతారు. ఒక ఇంట్లో అడిగారు, నేను ముఖం మీదే జవాబు చెప్పాను, గది దొరకలేదు. రెండో ఇంట్లో అమ్మ నన్ను మాట్లాడనియ్యలేదు. ఇంటి యజమాని “ఎంతమంది” అనీ అనకముందే “ఇద్దరమే పటేలా” అని గుమ్మం దాటి లోపలికి వెళ్ళి చాప పరిచేసింది. పరిచిన చాప ఎత్తెయ్యమనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆ రెండో ప్రశ్న ఆయన చాలా రోజుల తర్వాత అడిగాడు. అప్పటికి అమ్మ ఆయన భార్యకు రెండు సీసాల మామిడికాయ తొక్కు పెట్టి ఇచ్చింది.

ఆ ఊరికి ఆనుకుని ఉన్నదే గుట్ట. పైన ఆంజనేయుడి చిన్న గుడి. మాఘంలో జాతర. గుడి వెనక వాలంతా ఇటుకలు. మామూలు ఇటుకలు కావు, మూరెడు పొడవు, చేతికి బరువు. తుప్పల్లో, ముళ్ళ కంపల్లో, ఎక్కడ కాలు పెడితే అక్కడ ఇటుక. వాటి నడుమ ఒక పెద్ద గుండ్రటి దిబ్బ. పాండవులు అరణ్యవాసంలో ధాన్యం కుప్ప పోసి పోయారని, అది మన్నయిపోయిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. గుడి ముందు కొబ్బరికాయ కొట్టే రాయి మీద తామరపువ్వు చెక్కి ఉండేది. అంత అందమైన పువ్వు అంత దెబ్బలు తినడం ఇంకెక్కడా చూడలేదు. నేనేమో కింద బడిలో, సాంఘికశాస్త్రం పాఠంలో “బౌద్ధ భిక్షువులు విహారాలలో నివసించేవారు” అని పిల్లలతో ఏటా వల్లె వేయించేదాన్ని. అదేదో ఎక్కడో దూరదేశం సంగతనుకున్నాను. కిటికీలోంచి తల బయట పెడితే కనిపించే గుట్టకూ ఆ వాక్యానికీ సంబంధం ఉంటుందని నాకూ తోచలేదు, ఊళ్ళో ఇంకెవరికీ తోచలేదు.

ఆ ఇటుకలతో ఊరివాళ్ళకు ఒక మొక్కు ఉండేది. దేవుణ్ణి చూసుకున్నాక గుడి వెనక్కి వచ్చి, విరిగిన ఇటుక ముక్కలు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళు. దాన్ని ఇల్లు కట్టుడు అనేవాళ్ళు. సొంత ఇల్లు కావాలనుకున్నవాళ్ళు కడతారు. కట్టబోయే ఇంట్లో ఎంతమంది ఉండాలని కోరుకుంటే అన్ని ఇటుకలు. కోడలు రావాలంటే కోడలికొకటి, మనవడు కావాలంటే మనవడికొకటి. ఏ ఇటుక ఎవరిదో మాత్రం నోరు తెరిచి చెప్పకూడదు. చెబితే ఇల్లు కూలిపోతుందట. జాతర రోజు సాయంత్రానికి ఆ వాలంతా చిన్న చిన్న ఇళ్ళతో ఒక ఊరు లేచేది. పొద్దున్నకల్లా మేకలు వచ్చి కూల్చేసేవి.

మొదటి జాతరకు అమ్మ కూడా కట్టింది. దిబ్బ పక్కన నీడ చూసుకుని, గొంతుక్కూర్చుని, ఒక ఇటుక ముక్క పెట్టింది. దాని మీద ఇంకొకటి పెట్టింది. కదలకుండా సందులో చిన్న పెంకు దోపింది. చేతులు దులుపుకుని లేచింది.

రెండే. నాకు ఒళ్ళు మండింది.

ఆ రెండూ ఎవరివో చెప్పాలా? నేనూ, ఆయన. చుట్టాల పెళ్ళిళ్ళలో, దినాల్లో ఎక్కడ కలిసినా అందరూ అమ్మకు ఒకటే నూరిపోసేవాళ్ళు. ఎట్లయినా పిల్ల కాపురం నిలబెట్టు, నీ తర్వాత దానికెవరున్నరు అని. అమ్మ తల ఊపుతూ వినేది. ఆ తల ఊపుడు చూసి నేను కుతకుత ఉడికిపోయేదాన్ని. పైగా ఆ ఇంట్లో తనకు ఇటుక పెట్టుకోలేదు! నన్ను ఆయనకు అప్పజెప్పి, తాను మళ్ళీ వడ్లబస్తాల పక్కకు పోదామని చూస్తోంది. దిగేటప్పుడు అడిగాను.

“నీకేది జాగా ఆ ఇంట్ల?”

“అడగద్దే. చెప్పద్దు గద.”

“నాకు ఆ ఇల్లొద్దు. కట్టకు.”

“నీకేం తెలుసని వద్దంటున్నవ్? మెల్లగ దిగు, కాలు జారుతది.”

ప్రతి మాఘంలోనూ రెండే పెట్టేది. నేను అటు తిరిగి నిలబడేదాన్ని. ఒక ఏడు జ్వరంతో ఉండి కూడా ఎక్కింది. వద్దమ్మా అంటే విన్నది కాదు. అంత పట్టుదల చూసి నాకు భయం మొదలైంది. అమ్మ నిజంగానే నన్ను మక్తల్ పంపుతుంది అనుకున్నాను. అమ్మ పొమ్మంటే నేను పోయేదాన్నే. అప్పట్లో అమ్మ మాట కాదని ఒంటరిగా నిలబడేంత ధైర్యం నాకు లేదు. నోరు పెద్దదే గాని లోపల అంతా బెరుకే.

ఆ రోజు రానే వచ్చింది. ఒక ఆదివారం పొద్దున మక్తల్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు దిగారు. ఒకాయన మా అత్తకు తమ్ముడు. ఇంకొకాయన ఊరి పెద్ద, దారిపొడుగునా బస్సులో నిద్రపోయి వచ్చినట్టున్నాడు, ముఖం మీద కిటికీ కమ్మీ గీత అచ్చు పడి ఉంది. అమ్మ చాప వేసింది. నేను పొయ్యి దగ్గర చాయ పెడుతూ నిలబడ్డాను. గది ఒకటే కాబట్టి ప్రతి మాటా వినపడేది.

“అయిందేదో అయిందక్కా” అన్నాడు అత్త తమ్ముడు. “మా అక్క మంచాన పడ్డది. నడుము లేస్తలేదు. చేసెటోళ్ళు లేరు. పిల్లను తోల్తె తీస్కపోతం. ఎంతైనా పెద్ద కోడలు.”

“మరి ఆ రెండో ఆమె?”

“ఆమె గూడ ఉంటది. ఇల్లు పెద్దదే, జాగకేం ఫికర్ లేదు.”

చాయ పొంగి పొయ్యిలో పడింది. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఏళ్ళ తరబడి గుట్ట మీద కట్టిన ఇల్లు ఎదురుగా వచ్చి కూర్చుంటే కాదంటుందా?

అమ్మ చాలా మర్యాదగా అడిగింది. “ఇప్పుడు ఆ ఇంట్ల ఎంతమంది ఉంటరు?”

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. మా అత్త, మా ఆయన, ఆ రెండో ఆమె, ఆమె పిల్లలు, మరిది, మరిది భార్య.

“గంతమంది ఉండి ఒక్క ముసలామెకు గంజి పొయ్యలేరా?”

“అట్ల కాదక్కా, జర నా మాట ఇను...”

“మాది ఇద్దరి ఇల్లు. నేనున్న, నా బిడ్డ ఉన్నది. ఇల్లు నిండింది. ఇందుల నుంచి ఒకరిని తీస్కపోతే ఇంక ఇల్లేడిది? చాయ తాగి బయలుదేరుండ్రి, మళ్ళ బస్సు దొరకదు.”

చాయ సగం పొయ్యిలోనే ఉంది. మిగిలినదే రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. వాళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఊరి పెద్ద వెళుతూ వెళుతూ చాయ బాగుందన్నాడు, పాపం.

వాళ్ళ చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగాక నేను అమ్మ ముందు కూలబడ్డాను. “మరి గుట్ట మీద ఆ రెండు ఇటుకలు?”

“ఒకటి నువ్వు, ఒకటి నేను” అంది అమ్మ. “ఇంకెవరున్నరే మనకు? నీ మొగనికి నేను ఇటుక పెడ్తననుకున్నవా? వానికి పెంకు ముక్క గూడ పెట్ట.” నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే నోటి మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో, చెప్పేస్తి. ఇగ కూలుతది గావచ్చు.”

ఇద్దరం పడి పడి నవ్వాం. నా జీవితంలో అంత నవ్వు మళ్ళీ లేదు. నేను ఆ నవ్వులోనే ఏడ్చేశాను కూడా. మరుసటి మాఘంలో నేనే ఇటుకలు ఏరి ఇచ్చాను. ఆ తర్వాతి ఏళ్ళూ అంతే. సొంత ఇల్లు మాకు రాలేదు, పటేలు గదిలోనే ఉండిపోయాం. కాని అది కిరాయి గది అనే సంగతి నాకు గుర్తుండేది కాదు.

తొంభైల మొదట్లో అమ్మ పోయింది. ఒక వానాకాలం ఛాతీలో నొప్పి అంది. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి జీపులో దేవరకొండ దవాఖానకు తీసుకెళ్ళాను. దారిలో నా చెయ్యి పట్టుకునే ఉంది. దవాఖాన మెట్ల దగ్గర ఆ చెయ్యి వదులైంది. నేను చదువుకున్నదాన్నే, పిల్లలకు సైన్సు కూడా చెబుతాను. అయినా ఆ రోజు నా బుర్రలో తిరిగిన మాట ఒకటే. చెప్పకూడనిది చెప్పింది, ఇల్లు కూలింది. ఇప్పటికీ ఆ మాట పూర్తిగా వదల్లేదు.

దినాలయ్యాక పటేలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. తల దించుకునే మాట్లాడాడు. “ఒక్కదానివి ఎట్లుంటవమ్మా? రేపు ఎవడన్న ఒక మాట అంటడు. నీకు మాటే, మాకు మాటే. ఉగాది దాక ఉండు. ఆ లోపల ఇంకోటి చూస్కో.” అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను ఒక ఆడమనిషి కూతుర్ని. అమ్మ పోగానే మొగుడు లేని ఆడమనిషిని అయ్యాను. అదే గది, అదే గొళ్ళెం, అదే నేను.

దేవరకొండలో ఉంటే బస్సులో బడికి వచ్చిపోవచ్చని అక్కడ గదులు చూడటం మొదలుపెట్టాను. మళ్ళీ అదే ప్రశ్న. “ఎంతమంది ఉంటరు?” మొదటి ఇంట్లో నా నోరు దానంతటదే “ఇద్దరం” అనేసింది. “ఇంకొకరు ఎవరు?” అని అడిగింది ఇంటావిడ. “మా అమ్మ. వెనక వస్తున్నది” అన్నాను. అనేసి, గది కూడా చూడకుండా రోడ్డు మీదికి వచ్చేశాను. బస్టాండు దాకా ఒక్క పరుగు. ఆ తర్వాత కొన్నాళ్ళు గది వెతకడానికే పోలేదు. ఎవరైనా అడుగుతారని భయం, ఒక్కదాన్నే అని చెప్పాల్సి వస్తుందని భయం. ఆ మాట చెబితే అమ్మ పోయినట్టు నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

జాతర వచ్చింది, పోలేదు. జాతరయ్యాక ఒక సెలవు రోజు, జనం లేనప్పుడు, గుట్ట ఎక్కాను. సద్దిమూట, కొబ్బరికాయ సంచి రెండూ నా చేతుల్లోనే. నాలుగడుగులకొకసారి ఆగాను. అలవాటు. వెనక్కి తిరిగితే ఎండ, బండలు, అంతే.

గుడి వెనక్కి వెళ్ళి నిలబడిపోయాను. ఆ వాలు నేను ఎరిగిన వాలు కాదు. ఆ ఏడు ప్రభుత్వంవాళ్ళు వచ్చి కంప కొట్టించి, మట్టి తీయించారని విన్నాను గాని చూడలేదు. ఇటుకల గుట్టలనుకున్నవి గోడలు. మోకాలెత్తు గోడలతో, వరసగా, చిన్న చిన్న గదులు. ఒక్కో గదికి ఒక్కో గుమ్మం. అన్ని గుమ్మాలూ మధ్యలోని ఒకే వాకిలి వైపు తెరుచుకుని ఉన్నాయి.

నేను పక్కనే పడి ఉన్న ఇటుక ముక్క ఒకటి తీసి, నేల చదును చేసి, పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. రెండోది ఎవరికని పెట్టాలి? ఒక్క ఇటుక పెడితే అది ఇల్లు కాదు, నేల మీద పడున్న ఇటుక. ఎవరైనా చూస్తే కట్టింది అనుకోరు.

“టీచరమ్మా, ఇటుకలు ముట్టద్దు. ఎక్కడిదక్కడనే ఉండాలన్నరు.” చెట్టు కింద కూర్చున్న కాపలామనిషి లేచి వచ్చాడు. మా ఊరివాడే. తువ్వాలు తీసి చేత పట్టుకుని, “అమ్మ పాయెనట గద” అన్నాడు. నేను తల ఊపి ఇటుకను దాని చోట పెట్టేశాను.

“ఇవేం గదులు?” అని అడిగాను.

“ఏమో, బౌద్ధం అంటున్నరు. సన్నాసులుంటుండెనట, ఎన్కటికి.”

బౌద్ధ భిక్షువులు విహారాలలో నివసించేవారు. ఇన్నేళ్ళుగా పిల్లల గొంతులతో విన్న వాక్యం అక్కడ నా కాళ్ళ దగ్గర గుమ్మాలు తెరుచుకుని ఉంది. నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న మాత్రం ఇళ్ళవాళ్ళదే. “ఒక్కో గదిల ఎంతమంది ఉందురట?”

“ఒక్కరేనట. గింత జాగల ఇద్దరెట్ల పడ్తరమ్మా?” అని అతను చెట్టు కిందికి వెళ్ళిపోయాడు.

ఒక గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. గోడకు ఆనుకుని కాళ్ళు చాపితే పాదాలు దాదాపు ఎదుటి గోడకు తగులుతున్నాయి. ఒక మనిషి, ఒక చాప, ఒక నీళ్ళ కుండ. అంతకు మించి పట్టదు. కావాలనే అంతే కట్టారు. ఇటుక కాల్చి, గుట్ట మీదికి మోసి, ఒక్క మనిషి కోసం నాలుగు గోడలు, ఒక గుమ్మం. నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది, నిజంగా. కన్నతల్లినీ ఇంటినీ కావాలని వదిలేసి వస్తే వాళ్ళకు గది కట్టి ఇచ్చారు. వెనక ఎవరున్నారని గుమ్మంలో నిలబెట్టి ఎవరూ అడగలేదు. నేను ఏదీ వదలలేదు. ఉన్న ఒక్కరూ చెయ్యి వదిలి పోతే నన్ను ఖాళీ చెయ్యమంటున్నారు. అక్కడ కూర్చుని గట్టిగానే ఏడ్చాను. కాపలా అతను ఇటు చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నాడు.

ఏడుపు అయ్యాక ఆకలేసింది. మూట విప్పి జొన్నరొట్టె, తొక్కు తిన్నాను. తొక్కు అమ్మ పెట్టిందే, సీసా అడుగున మిగిలింది. అమ్మ లేకుండా ఆ గుట్ట మీద తిన్న మొదటి రొట్టె అది. గొంతు దిగదనుకున్నాను గాని దిగింది. కొబ్బరికాయ కొట్టబోతే ఆ తామరపువ్వు రాయి చుట్టూ తాడు కట్టి ఉంది. కాయను కాపలా అతనికి ఇచ్చేసి దిగాను.

ఆ వారంలోనే దేవరకొండలో, ఖిల్లాకు పోయే దారిలో, ఒక సందులో గది ఉందని తోటి టీచరు చెబితే వెళ్ళాను. ఇంటామె పెద్ద వయసు ముస్లిం ఆమె. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి తలుపు సగం తీసింది.

“కిరాయి గదా? ఉన్నది. ఎంతమంది ఉంటరు బిడ్డా?”

ఈసారి నిలబడి చెప్పాను. “ఒక్కదాన్నే.”

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. రెండో ప్రశ్న కోసం కాచుకున్నాను. అడగలేదు. “నేను గూడ ఒక్కదాన్నే” అంది. “లోపలికి రా.”

లోపలికి వచ్చాను. తలుపు మీద చెయ్యి వేసి ఆమె నా భుజం మీదుగా సందులోకి చూసింది. “తలుపు పెట్టాల్నా? ఎనక ఎవరన్న వస్తున్నరా?”

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎండలో సందు ఆ చివరి దాకా కనిపిస్తోంది. కాసేపు చూశాను. ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడింది, తొందరపెట్టలేదు.

“ఎవరు లేరమ్మా” అన్నాను. “పెట్టెయ్.”